యౌవనస్త్రీలు - పచ్చబొట్టు, ముక్కుపోగు: ఒక క్రైస్తవ పరిశీలన

ఇటీవలి కాలంలో మన సంఘకాపరుల ఎదుటికి తరచుగా వస్తున్న ప్రశ్నలలో పచ్చబొట్టు ఒకటి. చదువుకో ఉద్యోగానికో పట్టణం వెళ్లిన అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మణికట్టుమీద చిన్న సిలువో, తల్లి పేరో, ఒక పక్షి బొమ్మో కనిపిస్తుంది. మరొక అమ్మాయి ముక్కు కుట్టించుకొని వస్తుంది. ఇంకొక అమ్మాయి చెవి పైభాగంలో రెండు మూడు రంధ్రాలు వేయించుకుంటుంది. తల్లిదండ్రులు కంగారుపడి కాపరి దగ్గరకు వస్తారు. "అయ్యగారూ, ఇది పాపమా? అమ్మాయికి బాప్తిస్మం ఇవ్వవచ్చునా? ప్రభువు బల్లలో పాలుపొందనిస్తారా?" అని అడుగుతారు. కాపరి లేవీయకాండము 19:28 తెరిచి చదువుతాడు. అమ్మాయి తల వంచుకొని వింటుంది. చాలా సందర్భాల్లో సంభాషణ అక్కడితో ముగుస్తుంది. కొన్నిసార్లు ఆ అమ్మాయికీ సంఘానికీ ఉన్న సంబంధం కూడా అక్కడితోనే ముగుస్తుంది.

ఈ వ్యాసంలో మేము మూడు సంగతులు పరిశీలించదలచాం. ఈ విషయంలో లేఖనం నిజంగా ఏమి చెబుతోంది? సంఘ చరిత్ర ఏమి చూపుతోంది? తెలుగు సంఘంలో సేవ చేసే కాపరి ఎలా నడుచుకోవాలి? మా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పడం మంచిది. చర్మంలోని సిరాను గానీ, చెవికి ముక్కుకు వేసిన రంధ్రాన్ని గానీ లేఖనం దానంతట అదే పాపమని ఎంచదు. లేఖనం అడిగే ప్రశ్న ఇంకా లోతైనది: ఈ దేహం ఎవరి సొత్తు? దానిమీది గుర్తు ఎవరి యాజమాన్యాన్ని చాటుతోంది? ఈ ప్రశ్నకు ఆ అమ్మాయి ఒక్కతే జవాబు చెప్పుకొంటే చాలదు. ఆమె తల్లిదండ్రులు, సంఘపెద్దలు, కాపరి కూడా జవాబు చెప్పుకోవాలి.

1. మన నేలమీది ఆచారం

పచ్చబొట్టు పాశ్చాత్య దేశాల నుండి కొత్తగా వచ్చిపడిన వ్యామోహమని ప్రసంగాల్లో వింటుంటాం. యంత్రంతో వేసే నేటి పద్ధతి అక్కడినుండి వచ్చిన మాట నిజమే. విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి శామ్యూల్ ఓరైలీ అనే వ్యక్తి 1891లో అమెరికాలో పేటెంటు పొందాడు. అయితే పచ్చబొట్టు మన ఊళ్లకు కొత్తది కాదు. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి సోది చెప్పడంతోపాటు పచ్చబొట్లు పొడవడం కూడా వృత్తిగా చేసేవారు. మసిని ఆకు పసరుతో కలిపి సూదులతో చర్మంలోకి గుచ్చేవారు. నుదుటిమీద, గడ్డంమీద, ముంజేతులమీద చుక్కలు, గీతలు, పేర్లు వేసేవారు. ఆదిలాబాదు ప్రాంతపు గోండు స్త్రీలలోనూ, లంబాడీ స్త్రీలలోనూ ఈ ఆచారం ఉంది. చనిపోయినప్పుడు నగలన్నీ తీసివేస్తారు గానీ పచ్చబొట్టు మాత్రం మనిషి వెంట వస్తుందనే నమ్మకం కొన్ని తెగల్లో కనిపిస్తుంది.

ఈ సంగతి మన సంఘాలకు దూరమైనది కాదు. పల్లె సంఘాల్లో ముందువరుస చాపమీద కూర్చునే ముసలమ్మల ముంజేతులు చూస్తే, వయసుతో వెలిసిపోయిన ఆకుపచ్చ చుక్కలు నేటికీ కనిపిస్తాయి. బాప్తిస్మానికి ముందు వాటిని చెరుపుకొని రమ్మనడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. ఆ చుక్కలు ఉన్న చేతులే రొట్టెను అందుకున్నాయి, సంఘానికి పిడికెడు బియ్యం తెచ్చి ఇచ్చాయి. అమ్మమ్మ చేతిమీది పచ్చబొట్టును చూడని కన్ను మనవరాలి చేతిమీది పచ్చబొట్టును మాత్రం పట్టుకుంటున్నదంటే, మనలను కలవరపెడుతున్నది లేఖనమా, లేక పట్టణపు పోకడయా అని ముందుగా మనలను మనమే ప్రశ్నించుకోవాలి.

చెవులు కుట్టించడంలోనూ ఇలాంటి చిక్కు ఉంది. హిందూ సంప్రదాయంలో కర్ణవేధ షోడశ సంస్కారాలలో ఒకటి. అయినా అనేక క్రైస్తవ కుటుంబాల్లో పసిపిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, కంసాలిచేత చెవులు కుట్టించడం ఇంటి వేడుకగా సాగుతోంది. లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాలలో దీనిని ఆక్షేపించేవారు తక్కువ. పెంతెకొస్తు, సహోదర సంఘాలలో అనేకులు బాప్తిస్మ సమయంలో నగలన్నీ తీసివేస్తారు. ఒకే ఊరిలో ఒక సంఘంలో ఆచారమైనది మరొక సంఘంలో ఆటంకమౌతోంది. కాబట్టి ఈ విషయంలో సంఘ సంప్రదాయాన్ని దేవుని ఆజ్ఞనుండి వేరుచేసి చూడటం కాపరికి తప్పనిసరి.

2. లేవీయకాండము 19:28

ఈ వచనంలో రెండు నిషేధాలున్నాయి. ఒకటి, చనిపోయినవారి నిమిత్తం దేహాన్ని చీరుకొనడం. రెండవది, దేహంమీద గుర్తు వ్రాసుకొనడం. రెండవదానికి హెబ్రీలో 'కెతోవెత్ కఅకా' అనే మాట వాడబడింది. 'కెతోవెత్' అంటే వ్రాత. 'కఅకా' అనే పదం పాత నిబంధన అంతటిలో ఈ ఒక్కచోటనే కనిపిస్తుంది. కనుక దాని అర్థాన్ని సందర్భాన్నిబట్టీ, తరువాతి యూదుల వివరణలనుబట్టీ గ్రహించవలసి ఉంది.

సందర్భం చాలావరకు స్పష్టంగానే ఉంది. 26వ వచనం రక్తం తినడాన్నీ, శకునాలు చూడటాన్నీ నిషేధిస్తుంది. 27వ వచనం తలవెంట్రుకల అంచులను, గడ్డపు అంచులను కత్తిరించే ఒక పద్ధతిని నిషేధిస్తుంది. 31వ వచనం కర్ణపిశాచి గలవారిని ఆశ్రయించవద్దంటుంది. ఇవన్నీ చుట్టుపక్కల జనముల పూజలకు, ప్రేతకర్మలకు చెందిన అలవాట్లు. ద్వితీయోపదేశకాండము 14:1 ఇదే నిషేధాన్ని చెబుతూ, ఇశ్రాయేలీయులు యెహోవాకు బిడ్డలనే కారణాన్ని ముందుంచుతుంది. కర్మెలు పర్వతంమీద బయలు ప్రవక్తలు తమ దేవతను మెప్పించడానికి రక్తం కారేలా కోసుకున్నారు (1 రాజులు 18:28). చనిపోయినవారికోసం దేహాన్ని కోసుకొనడం యూదాలో కూడా జరిగేదని యిర్మీయా 16:6, 41:5 వచనాలు సూచిస్తున్నాయి.

దేహంమీది వ్రాతకు ప్రాచీన లోకంలో మరొక అర్థం కూడా ఉంది. అది యాజమాన్యపు గుర్తు. నైలు నదిలోని ఎలిఫంటైన్ ద్వీపంలో స్థిరపడిన యూదుల దస్తావేజులు లభించాయి. అవి క్రీ.పూ. 5వ శతాబ్దానికి చెందినవి. వాటిలో బానిసల చేతిమీద యజమాని పేరు వ్రాయబడి ఉన్న ప్రస్తావన ఉంది. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చబడిన మిష్నాలో, వ్రాసి, చర్మంలోకి సిరా గుచ్చినప్పుడే ఈ ఆజ్ఞను మీరినట్లు అని ఉంది. అక్కడ నామమును వ్రాస్తేనే నేరమని ఒక రబ్బీ అభిప్రాయం కూడా నమోదైంది. ఆ నామమంటే అన్యదేవత పేరని తల్మూదు వివరించింది. అంటే యూదుల బోధకులే ఈ వచనపు కీలకం సిరాలో ఉందా, పేరులో ఉందా అని చర్చించుకున్నారు.

ఈ చర్చకు మనమొక సాధారణమైన మాట కలపాలి. ఉదయాన్నే గడ్డం చక్కగా గీసుకొని వేదికెక్కి 28వ వచనం చదివే కాపరి, దానికి ముందున్న 27వ వచనాన్ని ఏమి చేశాడో చెప్పవలసి ఉంటుంది. ఒక వచనాన్ని ఆనాటి పూజాచారాలకు చెందినదని పక్కనపెట్టి, దాని వెంటనే ఉన్న వచనాన్ని మాత్రం నేటి అమ్మాయిమీద అక్షరాలా మోపడం న్యాయమైన వ్యాఖ్యానం కాదు.

మరింత ముఖ్యమైనది 29వ వచనం. కూతురిని వ్యభిచారిణిగా చేసి అపవిత్రపరచవద్దని దేవుడు తండ్రిని హెచ్చరిస్తున్నాడు. దేహంమీది గుర్తును గురించిన ఆజ్ఞ ముగియగానే కూతురి దేహాన్ని గురించిన ఆజ్ఞ వస్తోంది. 28వ వచనాన్ని యౌవనస్త్రీలకు వినిపించే మనము 29వ వచనాన్ని వారి తండ్రులకు ఎన్నిసార్లు వినిపించాం? మన ప్రాంతంలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవత పేరిట జోగినులుగా వదిలివేసే ఆచారాన్ని నిషేధించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చేయవలసి వచ్చింది. ఈ రెండు వచనాలను కలిపి చదివినప్పుడు ధర్మశాస్త్రపు ఉద్దేశం తేటపడుతుంది. దేవుని బిడ్డ దేహాన్ని విగ్రహంగానీ, చనిపోయినవారుగానీ, లాభం కోరే మనుష్యులుగానీ తమ సొత్తుగా చేసుకోకూడదు. అందుకే 28వ వచనం చివర 'నేను యెహోవాను' అనే అర్థమిచ్చే ముద్ర ఉంది.

3. కుట్టిన చెవి, కుట్టిన ముక్కు

దేహానికి రంధ్రం వేయడాన్ని పాత నిబంధన ఎక్కడా సాధారణ నిషేధంగా పేర్కొనలేదు. అబ్రాహాము సేవకుడు రిబ్కాకు అరతులము బంగారపు ముక్కుకమ్మి ఇచ్చాడు (ఆది. 24:22, 47). హెబ్రీ తూకంలో అది అర షెకెలు, అంటే నేటి లెక్కలో సుమారు అయిదున్నర గ్రాములు. అక్కడ వాడిన 'నెజెమ్' అనే పదం ముక్కుకమ్మికీ, చెవిపోగుకూ కూడా చెల్లుతుంది. 47వ వచనంలో దానిని ఆమె ముక్కుకు పెట్టినట్లు స్పష్టంగా ఉంది. యెహెజ్కేలు 16:12లో దేవుడే తన జనమును పెండ్లికుమార్తెగా అలంకరిస్తూ ముక్కుకు కమ్మి, చెవులకు పోగులు పెట్టినట్లు ప్రవక్త చిత్రించాడు. ముక్కుపోగు దానంతట అది అపవిత్రమైనదైతే ఈ చిత్రం అసాధ్యం.

అయితే అదే నగ మరొక విధంగా కూడా కనిపిస్తుంది. యాకోబు ఇంటివారు అన్యదేవతలతోపాటు తమ చెవిపోగులను కూడా అప్పగించగా, అతడు వాటిని షెకెము దగ్గర చెట్టుకింద పాతిపెట్టాడు (ఆది. 35:4). సీనాయి దగ్గర చెవిపోగులు దూడగా మారాయి (నిర్గ. 32:2-4). కొద్దికాలానికే అదే ప్రజల స్త్రీపురుషులు పోగులు, కమ్ములు తెచ్చి ప్రత్యక్షగుడారానికి అర్పించారు (నిర్గ. 35:22). బంగారం మారలేదు, చెవులూ మారలేదు. అది ఎవరికోసం అన్నదే మారింది.

యెషయా 3వ అధ్యాయాన్ని కూడా ఈ వెలుగులో చదవాలి. సీయోను కుమార్తెల ముక్కుకమ్ములతో సహా నగల జాబితా చదివి స్త్రీల అలంకారాన్ని ఖండించడం మన వేదికలమీద పరిపాటి. కానీ ఆ జాబితాకు ముందు 14, 15 వచనాల్లో పెద్దలమీద ఒక నేరారోపణ ఉంది. బీదలనుండి దోచుకున్న సొమ్ము వారి ఇండ్లలోనే ఉంది. బీదల ముఖాలను నూరుతున్నారని ప్రభువు వారిని నిలదీస్తున్నాడు. ప్రవక్త కోపం ఆభరణంమీద కంటే ఆ ఆభరణం వెనుకనున్న అన్యాయంమీద ఎక్కువ. కట్నం బంగారంగా లెక్కించుకొనే ఇంటిలో కోడలి ముక్కుపోగును తప్పుపట్టడం యెషయా బోధ అనిపించుకోదు.

4. అపొస్తలుల బోధ

1 తిమోతి 2:9-10, 1 పేతురు 3:3-4 ఈ చర్చలో తప్పక వస్తాయి. రెండు చోట్లా జడలు, బంగారం, వస్త్రాలు కలిపి చెప్పబడ్డాయి. పేతురు మాటను పూర్తి నిషేధంగా తీసుకొంటే, అదే వాక్యంలో వస్త్రధారణ కూడా ఉన్నందున వస్త్రాలను కూడా నిషేధించవలసి వస్తుంది. కనుక అపొస్తలుడు పోలిక చెబుతున్నాడని గ్రహించాలి: స్త్రీ విలువ పైకి కనిపించే అలంకారంలో లేదు, హృదయంలోని సాధుత్వంలో ఉంది. పౌలు మాటలు సంఘారాధన సందర్భంలో వచ్చాయి. ధనవంతురాలి ఆడంబరం బీదరాలిని సిగ్గుపరచకూడదన్నది అందులో ఒక భాగం. ఇక్కడ నగలు విడిచిన మన సంఘాలకు మేము న్యాయం చేయాలి. ఎవరి మెడలోనూ బంగారం లేని ఆరాధనలో బంగారం లేని స్త్రీ తల ఎత్తుకొని కూర్చోగలిగింది. ఆ సాక్ష్యం గౌరవించదగినది. దానిని రక్షణకు షరతుగా మార్చినప్పుడే ఇబ్బంది వస్తుంది.

గలతీ పత్రిక ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. సున్నతి దేవుడే ఆజ్ఞాపించిన దేహపు గుర్తు. అటువంటి గుర్తును గురించే పౌలు, సున్నతి ఉన్నా లేకున్నా లెక్కలేదనీ, నూతన సృష్టియే ముఖ్యమనీ వ్రాశాడు (గలతీ. 6:15). ఆ వెంటనే తన దేహంమీద యేసు ముద్రలు ఉన్నాయన్నాడు (6:17). గ్రీకులో ఆ పదం 'స్టిగ్మాటా'. బానిసలకు, నేరస్థులకు వేసే గుర్తుకు ఆనాటి వాడుక పదం అదే. మన తెలుగు పాఠకులకు శ్రీవైష్ణవుల తప్తముద్రలు ఇక్కడ జ్ఞాపకం రావచ్చు. శంఖచక్రాలను కాల్చి భుజాలమీద ముద్రవేయించుకొన్నవాడు తాను ఎవరి దాసుడో చాటుకుంటాడు. పౌలుకు ఆ ముద్రలు ఏ క్రతువులోనూ రాలేదు. సువార్తకోసం తిన్న దెబ్బలే ఆయనకు ముద్రలు.

1 కొరింథీ 6:19-20ను కూడా పచ్చబొట్టుకు వ్యతిరేకంగా వాడుతుంటారు. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న మాట అక్కడ వ్యభిచారాన్ని గురించిన చర్చలో వచ్చింది. ఆలయపు గోడమీద అలంకారం ఉండకూడదని పౌలు చెప్పడం లేదు. విలువపెట్టి కొనబడినవారు మరొక యజమానికి తమ దేహాన్ని అప్పగించకూడదని చెబుతున్నాడు. మరల అదే ప్రశ్న: నీవు ఎవరి సొత్తు?

5. సంఘ చరిత్ర చెప్పే సాక్ష్యం

సంఘం ఈ విషయంలో ఎల్లప్పుడూ ఒకే మాట చెప్పలేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి సుమారు 316లో, శిక్షపడినవారి ముఖంమీద గుర్తులు వేయకూడదని శాసనం చేశాడు. పరలోక సౌందర్యపు పోలికలో చేయబడిన ముఖాన్ని పాడుచేయరాదన్నది ఆయన ఇచ్చిన కారణం. చేతులమీద, పిక్కలమీద వేయడాన్ని మాత్రం అనుమతించాడు. ఇంగ్లండు ఉత్తరభాగమైన నార్తంబ్రియాలో 787 ప్రాంతంలో జరిగిన సభ, అన్యాచారంగా వేసుకొనే పచ్చబొట్లను ఖండించింది. అయితే దేవునికోసం అట్టి గుర్తును భరించేవానికి ప్రతిఫలం ఉందని కూడా ఒప్పుకొంది.

ఐగుప్తులోని కోప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువను పచ్చబొట్టుగా వేయించుకొంటారు. ఇది వారిలో చిన్నపిల్లలకు కూడా ఉంటుంది. చుట్టూ ఉన్న అధికసంఖ్యాకుల మధ్య తాము క్రైస్తవులమని దాచుకోలేని గుర్తు అది. బోస్నియాలోని కతోలిక స్త్రీలు తురుష్కుల పాలనాకాలంలో తమ చేతులమీద, ముంజేతులమీద సిలువలు వేయించుకొనేవారు. యౌవనంలోనే అమ్మాయిలకు ఈ గుర్తులు వేసేవారు. యెరూషలేముకు వెళ్లిన తూర్పు సంఘాల యాత్రికులు తమ యాత్రకు గుర్తుగా పచ్చబొట్టు వేయించుకొనే ఆచారం శతాబ్దాలుగా కొనసాగుతోంది. ఇవన్నీ మనకు ఆదర్శాలని మేము చెప్పడం లేదు. పచ్చబొట్టు ఉన్నవారందరూ క్రీస్తును విడిచినవారని చెప్పేముందు, ఆ గుర్తుకోసమే శ్రమపడిన సహోదరీలు ఉన్నారని తెలుసుకోవాలని మాత్రమే మా మనవి.

6. స్త్రీ దేహం, సంఘపు సరిహద్దు

బొట్టు, గాజులు, పూలు, మెట్టెలు, తాళి, ఇప్పుడు పచ్చబొట్టు. క్రైస్తవ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపే గీతను మన సంఘాలు ఎక్కువగా స్త్రీ దేహంమీదనే గీశాయి. పురుషుడు చెవికి పోగు పెట్టినా, భుజంమీద సింహం బొమ్మ వేయించుకొన్నా ఒక చిరునవ్వుతో పోతుంది. అదే పని అతని చెల్లెలు చేస్తే పెద్దల కూటం కూర్చుంటుంది. ఈ అసమానత్వానికి లేఖనాధారం లేదు.

గుర్తులు, ఆభరణాలు స్త్రీకి ఎప్పుడూ ఆమె ఇష్టానుసారంగానే రాలేదని కూడా చరిత్ర చెబుతోంది. పొరుగున ఉన్న తిరువాన్కూరు ఇందుకు బలమైన ఉదాహరణ. అక్కడ క్రైస్తవ నాడార్ స్త్రీలు పైవస్త్రం ధరించే హక్కుకోసం దశాబ్దాలపాటు హింసను సహించారు. 1859లో రాజు ప్రకటనతో కొంతమేరకు ఆ హక్కు లభించింది. అదే రాజ్యంలో పులయ స్త్రీలు తమ కులానికి గుర్తుగా రాతిపూసల దండలు ధరించవలసి వచ్చేది. 1915లో అయ్యంకాళి పిలుపుతో వారు ఆ దండలను తెంపివేశారు. ఒకచోట ధరించడం విడుదల, మరొకచోట తీసివేయడం విడుదల. రెండుచోట్లా అసలు సంగతి ఒక్కటే: ఆ స్త్రీ దేహాన్ని మనుష్యులు తమ ఆస్తిగా చేసుకొన్నారు.

కనుక పచ్చబొట్టు వేయించుకొన్న అమ్మాయిని మనము అడిగే ప్రశ్న కూడా దీనికి తగినట్లుగా ఉండాలి. స్నేహితుడు తన పేరు వేయించుకోమని ఒత్తిడి చేశాడా? తోటివారిలో వెనుకబడతాననే భయమా? అయితే ఆ గుర్తు ఒక బానిసత్వపు గుర్తు. దానినుండి ఆమెను విడిపించాలి. సంఘం కూడా ఆమెమీద అటువంటి యజమానిగానే నిలబడితే, ఒక యజమాని పోయి మరొక యజమాని వచ్చాడన్నమాటే.

7. కాపరికి కొన్ని సూచనలు

మొదటిది, కారణం వినాలి. తండ్రి చనిపోయిన దుఃఖంలో ఆయన పేరు చేతిమీద వేయించుకొన్న అమ్మాయి ఉండవచ్చు. ఆలోచిస్తే లేవీయకాండము 19:28 నేపథ్యానికి అతి దగ్గరగా ఉన్నది ఆమెయే. అయినా ఆమెకు కావలసినది గద్దింపు కాదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడకుండునట్లు పునరుత్థానాన్ని బోధించే కాపరి కావాలి (1 థెస్స. 4:13). ఆమెతో ఎవరైనా ఇంతవరకు ఆ మరణాన్ని గురించి మాట్లాడారా అని అడగండి.

రెండవది, తనను తాను గాయపరచుకొనడాన్ని అలంకారంతో కలపకూడదు. చేతిమీద వరుసగా కోతల మచ్చలున్న అమ్మాయి, లేదా ఆ మచ్చలను కప్పుకోవడానికి పచ్చబొట్టు వేయించుకొన్న అమ్మాయి తీవ్రమైన వేదనలో ఉన్నదని గుర్తించాలి. ఇక్కడ ధర్మశాస్త్రం వినిపించడం గాయంమీద గాయం చేయడమే. ఆమెను ఒంటరిగా విడువకుండా, నమ్మకమైన ఒక స్త్రీని తోడుగా ఉంచి, వైద్య సహాయానికి నడిపించాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈ నంబరు ప్రతి యౌవన కూటపు గోడమీద ఉండదగినది.

మూడవది, గుర్తు ఏమిటో చూడాలి. అన్యదేవతల పేర్లు, మంత్రతంత్రాల చిహ్నాలు, అసభ్యమైన బొమ్మలు విశ్వాసికి తగవని సందేహం లేకుండా చెప్పాలి. అయితే క్రీస్తును ఎరుగకముందు వేయించుకొన్నవాటిని చెరిపించుకొంటేనే బాప్తిస్మం అని షరతు పెట్టకూడదు. లేజరుతో తీయించడానికి అనేకసార్లు వెళ్లవలసి వస్తుంది, ఖర్చు ఎక్కువ, మచ్చ పూర్తిగా పోతుందన్న హామీ లేదు. క్రీస్తు రక్తం చేసిన పనిని లేజరు పూర్తిచేయనవసరం లేదు. సిలువ బొమ్మ వేయించుకొన్న అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి: చేతిమీది సిలువ సిలువ మోయడానికి ప్రత్యామ్నాయం కాదు.

నాలుగవది, దేహానికి కలిగే హానిని బోధించాలి. శుభ్రపరచని సూదులద్వారా హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది. తిరునాళ్లలో, జాతరల్లో ఒకే సూదితో వరుసగా వేయించుకొనడం ఎంతమాత్రం తగదు. చెవి తమ్మెకంటే పైభాగపు మృదులాస్థికి వేసిన రంధ్రం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. కొందరి చర్మంమీద రంధ్రం వేసినచోట గట్టి కాయలాంటి మచ్చ పెరుగుతుంది. పచ్చబొట్టు గానీ రంధ్రం గానీ వేయించుకొన్నవారినుండి ఏడాదిపాటు రక్తం తీసుకోరాదని జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో సూచించింది. సైన్యం, విమానయానం వంటి కొన్ని ఉద్యోగాల్లో పచ్చబొట్లమీద పరిమితులున్నాయి. ఇవి సువార్త విషయాలు కాకపోయినా, దేహాన్ని కాపాడుకొనడం గృహనిర్వాహకత్వంలో భాగమే.

అయిదవది, వేయించుకోవాలనుకొనేవారికి తొందరపడవద్దని చెప్పాలి. ఒక సంవత్సరం ఆగి, తల్లిదండ్రులతో మాట్లాడి, ప్రార్థించి, అప్పటికీ అదే కోరిక ఉంటే ఆలోచించమనడం మంచి సలహా. అన్నిటియందు స్వాతంత్ర్యమున్నా అన్నీ క్షేమాభివృద్ధి కలిగించవు (1 కొరింథీ. 10:23). పద్దెనిమిదేళ్ల వయసులో హృదయానికి దగ్గరైన పేరు, బొమ్మ ముప్పై ఏళ్లకు కూడా అలాగే ఉంటాయని ఎవరూ చెప్పలేరు. సిరా మాత్రం ఉంటుంది.

ఆరవది, రోమా 14:3ను రెండువైపులా వినిపించాలి. స్వాతంత్ర్యమున్న అమ్మాయి, నగలు విడిచిన తన అమ్మమ్మ మనస్సాక్షిని తృణీకరించకూడదు. అమ్మమ్మ సంఘం ఆ అమ్మాయికి తీర్పు తీర్చకూడదు. ఆరాధనలో పెద్దల మనస్సు నొప్పించకుండా కొంత తగ్గి ఉండటం ప్రేమ చేసే పని. ఆ తగ్గింపును అమ్మాయిలనుండి మాత్రమే కోరడం ప్రేమ కాదు.

ముగింపు

పచ్చబొట్టు, ముక్కుపోగు ప్రభువు బల్లకు అడ్డురావని మా అభిప్రాయం. బాప్తిస్మానికి సిద్ధపరిచే పాఠాల్లో ఈ విషయాన్ని అబ్బాయిలకు, అమ్మాయిలకు కలిపి, ఒకే కొలతతో, ముందుగానే బోధించాలని మేము సిఫారసు చేస్తున్నాం. అప్పుడు ఆ ప్రశ్న మొదటిసారి పెద్దల కూటంలో, కన్నీళ్ల మధ్య వినిపించవలసిన అవసరం ఉండదు. స్త్రీలతో ఇటువంటి సంభాషణలు జరపడానికి తర్ఫీదు పొందిన స్త్రీలు ప్రతి సంఘంలో ఉండటం మరింత మేలు.

సీయోను తనను ప్రభువు మరచిపోయాడని మొరపెట్టినప్పుడు, తన అరచేతులమీదనే ఆమెను చెక్కుకొన్నానని ఆయన జవాబిచ్చాడు (యెషయా 49:16). ప్రాచీన లోకంలో బానిస చేతిమీద యజమాని పేరు ఉండేది. ఇక్కడ ప్రభువే తన చేతిమీద తన జనమును ధరించాడు. మన సంఘంలోని యౌవనస్త్రీ తాను ఎవరి సొత్తో ఈ వచనంనుండి నేర్చుకొంటే, తన చేతిమీద ఏది వ్రాయించుకోవాలో, ఏది వద్దో నిర్ణయించుకొనే జ్ఞానం ఆమెకు కలుగుతుంది. ఆ వచనాన్ని ఆమెకు బోధించే బాధ్యత కాపరిది.